పొయ్యివైపు తిప్పిపెట్టిన ఫోన్

జొన్న రొట్టెలు చేసే ఇంట్లో అలారం అక్కర్లేదు. నవనీత పీట మీద పిండి తట్టే చప్పుడుకే ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరూ లేస్తారు. లేచి ఏం చేస్తారు? చాయ్ అడుగుతారు. అత్తమ్మ బాలవ్వకు చక్కెర లేని చాయ్, భర్త ఓంప్రకాశ్‌కు చక్కెర వేసిన చాయ్, ఇంటర్ చదివే కొడుక్కి పాలు. నవనీత చాయ్ మాత్రం గట్టు మీదే చల్లారిపోతుంది. పద్దెనిమిదేళ్లుగా అలా చల్లారుతూనే ఉంది. ఎప్పుడైనా బంధువుల ఇంట్లో ఎవరైనా వేడివేడిగా చేతికిస్తే నాలుక కాల్చుకుంటుంది.

"ఇయ్యాల ఏం పాఠం చెప్తున్నవ్?" అన్నాడు ఓంప్రకాశ్, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా. మంచిర్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో అతను లెక్కలు చెబుతాడు.

"పదో తరగతికి. ఫెమినిజం, సోషల్ మీడియా."

అతను నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, ఇంట్లో రోజూ నవ్వే నవ్వే. "గదేం కొత్త ముచ్చట? మనింట్లకు ఎప్పుడో వచ్చింది గది. నిన్ను నౌకరి చేయనిస్తలేనా నేను?"

చేయనివ్వడం! నవనీతకు టీచర్ ఉద్యోగం పెళ్లికి ఏడాది ముందే వచ్చింది. ఆ ఉద్యోగం చూసే వీళ్లు సంబంధం ఖాయం చేసుకున్నారు. పెళ్లిచూపులనాడు మామయ్య ఆమె ముఖం కంటే ముందు పోస్టింగ్ ఆర్డరు చూశాడు. మరి చేయనిచ్చేదేమిటి ఈయన? ఈ మాట నోటిదాకా వస్తుంది, రొట్టె మాడుతుంది, మాట వెనక్కి పోతుంది. ఏళ్లుగా ఇదే తంతు. అయినా ఓంప్రకాశ్‌ను ఎవరూ చెడ్డవాడనరు. తాగడు, కొట్టడు, అరవడు. బడి వాళ్లడిగే ఆన్‌లైన్ ఫారాలన్నీ ఆమె బదులు తనే నింపిపెడతాడు. ఆ సంగతి చుట్టాలందరికీ చెబుతాడు కూడా. "నా కొడుకసొంటోడు దొరకాలంటె పెట్టి పుట్టాలె" అంటుంది బాలవ్వ. నవనీతకు ఒక్కోసారి అనిపిస్తుంది, కొట్టే మొగుడైతే కనీసం చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండేదని. వెంటనే ఛీ అనుకుంటుంది. అలసట మనిషి చేత ఎంత పాడు ఆలోచనలైనా చేయిస్తుంది.

బడి గోదావరి పక్క ఊళ్లో ఉంది. మంచిర్యాల నుంచి ఆటోలో ముప్పావు గంట. ఆ ముప్పావు గంటే ఆమెకు రోజులో దొరికే ఏకాంతం, అదీ పక్కన ముగ్గురు, ఒళ్లో బ్యాగుతో.

ఆ శుక్రవారం బోర్డు మీద 'ఫెమినిజం' అని రాసి, అంటే ఏమిటని అడిగింది. వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "మొగోళ్లను తిట్టుడు మేడం." ఇంకొకడు వాణ్ని సరిదిద్దాడు. "కాదురా. బస్సుల సీటు కోసం కొట్లాడుడు. రీల్స్‌ల చూసిన." క్లాసంతా ఘొల్లుమంది. నవనీతకు కోపం రాలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి. బోర్డు తుడిచేసింది.

"సరే, గది వదిలేయుండ్రి. మీ ఇంట్ల ఫోన్ల గురించి ఇంగ్లీషుల రాయుండ్రి. ఫోన్ ఎవరిది, లాక్ ఎవరికి తెలుసు, మీ అమ్మ డీపీల ఎవరి ఫోటో ఉన్నది. అంతే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నలభై తలలు నోటుబుక్కుల్లోకి వంగాయి. ఒకడి తల్లికి ఫోనే లేదు. ఒక పిల్ల తల్లి, కొడుకు పగలగొట్టి పారేసిన ఫోన్ వాడుతోంది. దాదాపు తల్లులందరి డీపీల్లో కొడుకులున్నారు, కొందరి డీపీల్లో కొండగట్టు అంజన్న ఉన్నాడు. తమ ముఖం తాము పెట్టుకున్న తల్లి ఒక్కతే తేలింది. ఆమె గురించి ఆమె కొడుకే కాస్త సిగ్గుపడుతూ రాశాడు. నవనీత తన డీపీ గుర్తు చేసుకుంది. అందులో ఓంప్రకాశ్, కొడుకు ఉన్నారు. ఫోటో తీసింది ఆమే.

ప్రజ్ఞ ఒక్క పేజీ నిండా రాసింది. సన్నటి పిల్ల, ఎక్కువ మాట్లాడదు, అడిగితే తప్ప నోరు తెరవదు. లేచి గడగడా చదివింది. ఆమె ఇంగ్లీషును తెలుగు చేస్తే ఇలా ఉంటుంది. మా అమ్మ ఫోన్ పోపుల డబ్బా పక్కన పొయ్యివైపు తిప్పి పెట్టి ఉంటుంది. మా నాన్న కువైట్‌లో రాత్రి వాచ్‌మన్. ఆయన డ్యూటీ దిగాక, పొద్దున తొమ్మిదింటికి వీడియో కాల్ మొదలవుతుంది. ఆయన మంచం మీద పడుకుని చూస్తాడు. మాట్లాడడు. చూస్తాడు. మా అమ్మ బాత్రూంకు పోయినా చెప్పి పోతుంది. పక్కింటామె వస్తే అమ్మ చేతితో సైగ చేసి పంపించేస్తుంది. ఒకసారి కరెంటు పోయింది. ఆ రోజు మా అమ్మ పాట పాడింది. మా అమ్మ పాడుతుందని నాకు అంతవరకు తెలియదు.

సిగ్గు విడిచి చెప్పుకోవాలి గనక చెప్పాలి, ఆ పిల్ల చదువుతుంటే నవనీత విన్నది ఉచ్చారణ మాత్రమే. ఎన్నేళ్లకు ఒక ఊరి బడి పిల్ల తడబడకుండా పేజీ చదివింది! మధ్యలో ఆపి రెండు వాక్యాలు సరిదిద్దింది కూడా. మళ్లీ మొదట్నుంచి చదివించి, ఫోన్ పైకెత్తి వీడియో తీసింది. ఈ బళ్లలో ఏ పని చేసినా వీడియో తీసి బడి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పెట్టకపోతే ఆ పని చేయనట్టే లెక్క. గ్రూపులో టీచర్లుంటారు, ఊరి పెద్దలుంటారు, తల్లిదండ్రులుంటారు. తల్లిదండ్రులంటే చాలామటుకు గల్ఫ్‌లో ఉన్న తండ్రులే.

ఇక చూడాలి చప్పట్లు! అంతా ఇంగ్లీషే, టీచర్లు చివరిదాకా వినలేదు, మిగతావాళ్లకు ముక్క అర్థం కాలేదు, అందరికీ గొప్పగా అనిపించింది. 'మన ఊరి బిడ్డ ఇంగ్లీషు దంచికొట్టింది' అని పెట్టాడు సర్పంచి. హెడ్మాస్టర్ లింగమూర్తి సార్ దండాలు పెట్టాడు. అందరికంటే ఎక్కువ మురిసినవాడు ప్రజ్ఞ తండ్రి రాయమల్లు. వీడియోను స్టేటస్ పెట్టుకున్నాడు. 'నా బిడ్డ' అని రాసి పక్కన మూడు కిరీటాలు పెట్టాడు. రెండు రోజులు అది అట్లాగే ఉంది. కువైట్‌లో తెలిసిన ప్రతివాడికీ ఫోన్ చాపి చూపించాడట. ఆదివారం అతని గదిలో ఉండే ఒక మలయాళీ దాన్ని చివరిదాకా విని, నవ్వాలో వద్దో తెలియక, అందులో ఏముందో చెప్పాడు.

సోమవారం ప్రజ్ఞ బడికి రాలేదు. లింగమూర్తి సార్ నవనీతను తన గదిలోకి పిలిచాడు. వేసవిలో రిటైరయ్యే మనిషి. ఎవరి మనసూ నొప్పించకుండా దిగిపోవాలని ఆయన కోరిక.

"మేడం, రాయమల్లు ఫోన్ చేసిండు. ఏడుస్తుండు, తిడుతుండు, రెండూ చేస్తుండు. పిల్ల బడి బంద్ అంటుండు. ఇంక మూడు నెల్లల్ల పరీక్షలు."

"నేను రాయమల్లుతోని మాట్లాడ్త సార్."

"మాట్లాడితె అయ్యే ముచ్చట గాదు. ఆయన ఇజ్జత్ వోయింది. ఆయన ఒక్కటే అడుగుతుండు. గదంతా మేడమే రాసిచ్చింది, పిల్లకేం తెల్వది, బట్టీ వట్టి చదివిందని మీరు గ్రూపుల పెట్టాలె. పెడితె రేపటి సంది పంపుతడట. జర ఆలోచించుండ్రి. ఒక్క అబద్ధం. పిల్ల చదువు నిలవడ్తది."

ఒక్క అబద్ధమే. నవనీత చెప్పని అబద్ధాలా? మోకాళ్లు పీకుతున్నా బాగానే ఉన్నానంటుంది. తిననిది తిన్నానంటుంది. వాటి పక్కన ఇదెంత? పైగా ఒక ఆడపిల్ల పదో తరగతి. ఈ ఊళ్లో పదో తరగతి ఆగిన ఆడపిల్ల బతుకు ఎటు పోతుందో ఆమెకు తెలుసు. వచ్చే మాఘానికి సంబంధం చూస్తారు. కానీ ఆ పిల్ల రాసింది నిజం. దాన్ని నేనే కల్పించానంటే, పదిహేనేళ్లకు మొదటిసారి నోరు తెరిచిన పిల్లతో నువ్వు చూసింది చూడలేదని చెప్పినట్టే కదా. ఎటు తిప్పినా మనసు ఒప్పుకోలేదు. "రేపు చెప్త సార్" అని బయటపడింది.

సాయంత్రం కూరగాయలు తరుగుతూ ఓంప్రకాశ్‌కు అంతా చెప్పింది. చెప్పి తేలికపడదామనుకుంది, పాపం.

"గంతే కదా," అన్నాడు. "పెట్టెయ్. లేనిపోని లొల్లి ఎందుకు మనకు? రేపు ఆ గల్ఫోడు కంప్లైంట్ ఇచ్చిండనుకో, తిరిగేదెవలు? నేనే."

"ఆ పిల్ల నిజం రాసిందండి."

"నిజమైతె ఏంది? ఎవలింట్ల ఉండెటియి వాళ్లింట్ల ఉంటయి. అయినా నువ్వు ఇంగ్లీషు చెప్పుమంటె ఇంగ్లీషు చెప్పాలె గని."

బాలవ్వ మంచం మీంచి కలగజేసుకుంది. "పెండ్లాం మీద పానం ఉన్నోడు చూసుకుంటడు తియ్. మీ మామ నా దిక్కు ఒక్కనాడన్న చూసిండా?" అన్నది నవ్వుతూ. ఆ నవ్వు చివర ఆమె ముఖం ఒక్క క్షణం ఖాళీ అయింది. నవనీత చూసింది. చూసి, వంకాయలు ఉప్పునీళ్లలో వేసింది.

మంగళవారం ఆటోలో ఉండగా ఫోన్ అదేపనిగా మోగుతోంది. 'మంచి పని చేసిండ్రు మేడం' అని ఒకరు. 'పెద్ద మనసు' అని ఒకరు. లింగమూర్తి సార్ ఏకంగా గులాబీల బొమ్మ పంపాడు. ఏమిటా మంచి పని? గ్రూపు తెరిచింది. పొద్దున ఏడూ పదికి, ఆమె నంబరు నుంచే, ఆమె పేరుతోనే ఒక మెసేజ్. 'ప్రజ్ఞ చదివిన వ్యాసం నేను కల్పించి రాసినది. అందులోని విషయాలు ఏవీ వాస్తవం కావు. విద్యార్థినికి అర్థం తెలియదు. నా పొరపాటు వల్ల బాధపడిన గ్రామస్థులు, ముఖ్యంగా రాయమల్లు గారు పెద్ద మనసుతో క్షమించగలరు. ఇట్లు, నవనీత, ఇంగ్లీషు టీచర్.'

ఒక్క తప్పు లేదు. చుక్కలూ కామాలూ ఎక్కడివక్కడ ఉన్నాయి. రెండేళ్ల కింద ఫారాలు నింపడానికని ఓంప్రకాశ్ తన లాప్‌టాప్‌లో ఆమె వాట్సాప్ తెరిచి పెట్టుకున్నాడు. అది అప్పట్నుంచి అట్లాగే తెరిచి ఉంది. ఆమె వద్దనలేదు. దాచుకునేది ఏముందని ఊరుకుంది. ఏడూ పదికి తను ఎక్కడుంది? అతనికి ఐదడుగుల అవతల పెనం ముందు ఉంది. ఇటు తను రొట్టెలు చేస్తుంటే, అటు అతను తనైపోయి ఊరందరినీ క్షమాపణ అడిగాడు! లేచి ఒక్క మాట అడగవచ్చు కదా. అడిగాడు కూడా, 'కారం పొడి పెట్టినవా డబ్బల' అని అడిగాడు.

ఆటోలోంచే ఫోన్ చేసింది.

"నువ్వు తేల్చవని నేనే పెట్టేసిన," అన్నాడు అతను మామూలుగా. "రాత్రంత పరేషాన్‌ల ఉంటివి. హెల్ప్ చేసినా తప్పేనా? కాలేజీ బస్సు వచ్చింది, పెట్టేస్తున్న."

ప్రజ్ఞ బడికొచ్చింది. చివరి బెంచీలో గోడవైపు కూర్చుంది. నవనీత క్లాసులోకి రాగానే అందరితోపాటు లేచి నిలబడింది, గుడ్ మార్నింగ్ మేడం అంది, కళ్లు మాత్రం ఎత్తలేదు. ముందు బెంచీ పిల్లాడొకడు ఉండబట్టలేక అడిగాడు, "మేడం, ఆమె మస్తు చదివింది కద, అంత మీరే రాసిచ్చిండ్రా?" కాదంటే తండ్రి బడి మాన్పిస్తాడు. అవునంటే ఆ పిల్ల ఈ గోడలోకి ఇంకా ముడుచుకుపోతుంది. "పుస్తకాలు తియ్యుండ్రి" అంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటర్వెల్‌లో వరండాలో ఒకామె నిలబడి ఉంది. ముప్పై ఐదేళ్లుంటాయి. చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని, చేతికి పిండి అట్లాగే ఉండగా వచ్చింది. "ప్రజ్ఞ వాళ్ల అమ్మను మేడం. రజిత." ఊపిరి తీసుకుంది. "గీ బడి మొఖం చూసి నాలుగేండ్లయితుంది."

నవనీతకు భయం వేసింది. "మీ ఆయన కాల్‌ల ఉంటడు కదమ్మా ఇప్పుడు?"

"ఉన్నడు. ఫోన్ ఆడనే వెట్టొచ్చిన, పొయ్యి దిక్కు. పొయ్యిని చూస్తుండు కావచ్చు." ఆమె నవ్వింది, నవ్వుతూనే కళ్లు నిండాయి. "మేడం, ఒక్కటి అడుగుత. నిజంగ మీరే రాసిండ్రా? మరి నేను పాట వాడిన ముచ్చట మీకెట్ల ఎర్క?"

నవనీత తల అడ్డంగా ఊపింది.

"నాకు ఎర్కే. అది నా బిడ్డ రాసింది. పదకొండేండ్ల సంది నన్ను ఆయన చూస్తనే ఉన్నడు మేడం. ఒక్కనాడు నేను కనవడలే ఆయనకు. నా బిడ్డకు కనవడ్డ. గది అబద్ధమని ఊరంత అంటుంటె నేను ఊకుంటె ఇంక నేనేం తల్లిని? పొద్దున్నుంచి అది నాతోని గూడ మాట్లాడ్తలేదు."

"కాదంటె బడి బంద్ వెడ్తనన్నడట మీ ఆయన."

"బంద్ వెట్టెటోడు కువైట్ల ఉన్నడు. జడలేసి పంపెటిదాన్ని ఈడ నేనున్న." ఆ మాట అన్నాక ఆమె కూడా కాస్త బెదిరినట్టే ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా వెనక్కి తీసుకోలేదు. "నాకేమన్న అయితె నేను వడ్త. మీరు జెర దాని మాట దానికి ఇయ్యుండ్రి."

ఆమె వెళ్లిపోయింది. పరుగు పెట్టలేదు, నడిచే వెళ్లింది. నవనీత గేటు దాకా చూస్తూ నిలబడింది. ఇన్నాళ్లూ ఈ పిల్లలకు బోర్డు మీద పెద్ద పెద్ద మాటలు రాసింది తను, ఆ మాటలేవీ చదువుకోని మనిషి వచ్చి చేయాల్సిన పని చెప్పి పోయింది. పదకొండేళ్లు కాపలాలో బతికిన ఆడది పిండి చేతులతో ఇల్లు దాటి వచ్చింది. తనకేం తక్కువని? జీతం ఉంది, చదువుంది, పదవ తరగతి పిల్లలకు పాఠం చెప్పే నోరుంది. లేనిదల్లా, 'అది నేను రాయలేదు' అనే ధైర్యం. ఎందుకంటే వెంటనే 'మరెవరు రాశారు?' అంటారు. ఓంప్రకాశ్ పేరు చెప్పాలి. పద్దెనిమిదేళ్లుగా మంచివాడని ఊరంతా అన్న మనిషి పేరు. పొరపాటున పడింది, ఫోన్ హ్యాకయింది అని ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అంటే మళ్లీ ఇంకో అబద్ధం, మళ్లీ ఆయన్ని కాచే అబద్ధమే.

ప్రజ్ఞను స్టాఫ్‌రూంలోకి పిలిచింది. ఇంకెవరూ లేరు. ఫోన్ ఆ పిల్ల చేతికిచ్చింది.

"నా వాట్సాప్ ఇంకెక్కడన్న తెరిచి ఉంటె ఎట్ల తీసేస్తరు బిడ్డా? నాకు రాదు."

ప్రజ్ఞ ముఖం తిప్పకుండానే అందుకుంది. మూడుచోట్ల నొక్కింది. అక్కడ ఆగిపోయింది. లాప్‌టాప్ పేరు, చివరగా వాడిన టైం తెర మీద కనబడుతున్నాయి. పిల్ల వాటిని చదివింది, ఇంకోసారి చదివింది, అప్పుడు తల ఎత్తి మొదటిసారి నవనీత కళ్లలోకి చూసింది.

"ఇది ఎవలిది మేడం?"

"మా సార్‌ది."

బయట పిల్లలు అరుస్తున్నారు.

"మీ ఇంట్ల గూడనా మేడం?" అంది ప్రజ్ఞ.

ఎంత నెమ్మదిగా అంది! జాలిగా అంది. పదిహేనేళ్ల పిల్ల తన టీచర్ మీద జాలిపడింది. నవనీత కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. "ఆఁ. మా ఇంట్ల గూడ. తీసెయ్."

పిల్ల తీసేసింది. తీసేసి, ఫోన్ వెనక్కిచ్చి, అక్కడే నిలబడింది. వెళ్లమని నవనీత అనలేదు. కుర్చీలో కూర్చుని గ్రూపులో రాసింది.

'ప్రజ్ఞ చదివిన వ్యాసం ప్రజ్ఞ సొంతంగా రాసింది. నేను రాసివ్వలేదు. ఆ అమ్మాయిని అడగకుండా వీడియో గ్రూపులో పెట్టడం నా తప్పు, దానికి ఆమెకూ ఆమె తల్లికీ నా క్షమాపణ. ఈ రోజు పొద్దున ఏడూ పదికి నా పేరుతో వచ్చిన మెసేజ్ నాది కాదు. నా భర్త ఓంప్రకాశ్ నన్ను అడగకుండా నా నంబరు నుంచి పంపారు. అప్పుడు నేను వంటింట్లో రొట్టెలు చేస్తున్నాను. నవనీత.'

ప్రజ్ఞకు చూపించింది. "పంపాల్నా?" అని అడిగింది. పిల్ల చదివి తల ఊపింది. పంపింది.

రెండు నిమిషాలకు నవనీత ఫోన్ మోగింది, ఓంప్రకాశ్. మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఆమె దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, ప్రజ్ఞను క్లాసుకు పంపి, తనూ పుస్తకం తీసుకుని లేచింది.

లింగమూర్తి సార్ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటూ వరండాలో ఎదురొచ్చాడు. ఆయన ముఖంలో కోపం కంటే ఎక్కువ బాధే ఉంది.

"ఏంది మేడం గిది? ఇంట్ల ముచ్చట గ్రూపుల వెడ్తరా ఎవలన్న?"

"ప్రజ్ఞ అందరి ముంగట చదివింది కద సార్," అంది నవనీత. "దానికి పదిహేనేండ్లు. నాకు నలభై మూడు. జర లేటయింది."